డ్రాయర్ల ఛాతీ అంటే ఏమిటి సార్? 'చెస్ట్' గురించి ఒక సందేహం

పరకాల బడిపంతులు:

పరకాల దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. మొన్న ఎనిమిదో తరగతిలో ఇంటి సామాన్ల పేర్లు చెప్తుంటే 'చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్' (సొరుగుల బీరువా) వచ్చింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, డ్రాయర్లు నడుముకు గదా ఏసుకునేది, ఛాతీకి ఎందుకు ఏసుకుంటరు?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వేరే జిల్లాల వాళ్ల కోసం చెప్తున్నా, మా దగ్గర డ్రాయర్ అంటే లోపల వేసుకునే నిక్కరు. వాణ్ని కూర్చోమని గదమాయించాను గానీ, సాయంత్రం బస్సులో వస్తుంటే అనిపించింది, వాడు అడిగిన దాంట్లో తప్పేముంది? బట్టలు పెట్టుకునే బీరువాకూ, మనిషి ఛాతీకీ ఒకే మాట ఎందుకు? నాకే తెలియదు. పద్నాలుగేళ్లుగా చెప్తున్నాను.

ఇంకో రెండు ఉన్నాయి. 'గెట్ ఇట్ ఆఫ్ యువర్ చెస్ట్' అంటే "గుండె బరువు దించుకో" అని చెప్పాను. ముందు బెంచీ అమ్మాయి "అంటే ఏడవమనా సార్?" అంది. మన దగ్గర గుండె బరువు దించుకోవడం అంటే ఏడుపే కదా మరి. ఇంగ్లీషు వాడు అక్కడ ఏడవడం లేదు, చాలాకాలంగా చెప్పాలనుకున్నది మొహం మీద చెప్పేస్తున్నాడు.

రెండోది మరీ ఇబ్బంది. పేపర్లో 'చెస్ట్ థంపింగ్' (మాటకు మాట చెప్తే ఛాతీ బాదుకోవడం) అని ఉంటే సొంత వాక్యంలో రాయమన్నాను. ఒక పిల్ల రాసింది: వాళ్ల నాయనమ్మ చనిపోయినప్పుడు వాళ్ల అత్త 'చెస్ట్ థంపింగ్' చేసిందట. వ్యాకరణం సరిగ్గా ఉంది, స్పెల్లింగు సరిగ్గా ఉంది. అర్థం మాత్రం, గొప్పలు పోయింది అని వస్తుంది. చావు ఇంట్లో గొప్పలు! తప్పని ఎర్ర పెన్ను పెట్టబోయి ఆగిపోయాను. ఆ పిల్ల కళ్లతో చూసిందే రాసింది.

ఇలాంటివి పిల్లలకు ఎట్లా చెప్పాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సుబేదారి క్యాషియర్:

నమస్తే సార్. నేను మాస్టర్ని కాను, బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యాను. అయితే 'చెస్ట్' అనే మాటతో ముప్పై ఏళ్లు కాపురం చేశాను కాబట్టి చెప్పే హక్కు కొంత ఉందనుకుంటున్నా.

మా బ్రాంచికి కరెన్సీ చెస్ట్ ఉండేది. అన్ని బ్రాంచీలకూ ఉండదు, రిజర్వు బ్యాంకు కొన్నింటికే ఇస్తుంది. స్ట్రాంగు రూములో నోట్ల కట్టలు ఉంటాయి, అవి మా బ్యాంకు సొమ్ము కాదు, రిజర్వు బ్యాంకుది. మా గోడల మధ్య ఉన్నా మాది కాదు. అందులోంచి తీస్తే మా ఖాతాలో ఖర్చు, అందులో పెడితే జమ, ఏ రోజు లెక్క ఆ రోజే పైకి తెలపాలి. తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. నా జోడీ ఆఫీసరు సెలవు పెడితే నాకు జ్వరం వచ్చినంత పని.

ఒకరోజు సాయంత్రం లెక్క కుదరలేదు. ఇంటికి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి మా అమ్మతో, "చెస్టుల ప్రాబ్లం అయిందే, లేటయితది, మీరు తినుండ్రి" అని పెట్టేశాను. అరగంటలో మా అమ్మ, మా ఆవిడ, మా బావమరిది ఆటోలో బ్రాంచి ముందు దిగారు. షట్టరు సగం దించి ఉంది. మా అమ్మ కిందినుంచి వంగి చూసి, "ఛాతీల ఏమైంది బిడ్డా, సైసుగ ఊపిరి తీస్కో" అని ఒకటే ఏడుపు. గన్‌మ్యాన్ కుర్చీ వేసి నీళ్లిచ్చాడు. లోపల ఒక కట్ట వేరే వరుసలో కలిసిపోయింది, అంతే. మా అమ్మ పోయేదాకా నా ఉద్యోగాన్ని 'ఛాతీ నౌకరి' అనేది.

ఆ రాత్రి నుంచి నాకు మీ పిల్లవాడి సందేహమే పట్టుకుంది. తర్వాత మా అమ్మాయి డిగ్రీలో ఉన్నప్పుడు పెద్ద డిక్షనరీ కొంటే అందులో చూశాను. చెస్ట్ మొదట్లో పెట్టె మాత్రమే. గ్రీకులో కిస్తే, లాటిన్‌లో సిస్టా, అక్కడినుంచి పాత ఇంగ్లీషులోకి వచ్చింది. శవపేటికను కూడా అదే మాటతో అనేవారట. మనిషి ఒంట్లో ఈ భాగానికి అప్పట్లో వాళ్ల మాట బ్రెస్ట్. పదహారో శతాబ్దంలో గానీ పక్క బొక్కల (ఎముకల) గూటిని 'పెట్టె' అనడం మొదలు కాలేదు. మటన్ కొట్టు ముందు నిలబడి వేలాడేసిన పొట్టేలును చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. అటు పదమూడు, ఇటు పదమూడు బొక్కలు, మధ్యలో విలువైన సరుకు. సందూకే అది.

అంటే ఛాతీ పేరు బీరువాకు పెట్టలేదు సార్, పెట్టె పేరే ఛాతీకి పెట్టారు. మీ పిల్లలకు సందూక అని చెప్పండి, వెంటనే పడుతుంది. మా అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న కొయ్య సందూక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అడుగున పట్టా కాగితాలు, మీద పెండ్లి చీర, డాంబరు గోళీల వాసన. అమెరికా వాళ్లకూ ఇలాంటిదే 'హోప్ చెస్ట్' ఉండేది, పెళ్లి కాబోయే ఆడపిల్ల బట్టలూ దుప్పట్లూ దాచిపెట్టే పెట్టె. ఆంధ్రా వైపు భోషాణం అంటారు, మన సందూక కన్నా పెద్దది. వార్ చెస్ట్ అంటే యుద్ధానికి దాచిన డబ్బు, ఇప్పుడు ఎలక్షన్లకు వాడుతున్నారు. ట్రెజర్ చెస్ట్, మెడిసిన్ చెస్ట్ అన్నీ ఈ కుటుంబమే. పిల్లలు బిజినెస్ ఆట ఆడి ఉంటే కమ్యూనిటీ చెస్ట్ తెలిసే ఉంటుంది. ఫ్లష్ ట్యాంకును సిస్టర్న్ అంటారే, అదీ సిస్టా వంశమే, దూరపు చుట్టం.

డ్రాయర్ సంగతి ఇంకా బాగుంటుంది. డ్రా అంటే లాగడం. లాగి తెరిచేది సొరుగు, కాళ్లకు పైకి లాగి తొడుక్కునేది నిక్కరు. ఇంగ్లీషులోనూ రెండూ డ్రాయర్లే. మీ వెనక బెంచీ వాడు తెలియక అన్నా మాట సరైనదే అన్నాడు. రేపు వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టండి.

ఇక నానుడుల సంగతి. నాకు తోచింది చెప్తాను. ఇంగ్లీషు వాడికి ఛాతీ పెట్టె కాబట్టి మాట అందులో దాస్తాడు, పెట్టె మీద బరువుంటే దించుతాడు. మనకు గోదాం ఛాతీలో లేదు, కడుపులో ఉంది. "కడుపుల మాట కక్కు" అంటాం. వాడి 'గెట్ ఇట్ ఆఫ్ యువర్ చెస్ట్' అదే. మర్యాదగా కావాలంటే "మనసులో ఉన్నది చెప్పేసుకో" అనొచ్చు. ఇంటి గుట్టు బయటపెడితే ఏమవుతుందో కూడా మనవాళ్లు చెప్పారు, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఛాతీ చించుకుంటే అనలేదు చూడండి. నవ్వినా అంతే. వాళ్లకు పక్కటెముకల్లో కితకితలు పుడతాయి, మనకు పొట్ట చెక్కలవుతుంది. పాఠం వాళ్లు గుండెతో నేర్చుకుంటారు, 'బై హార్ట్'. మనం కంఠతా పడతాం.

చెస్ట్ థంపింగ్‌కు తెలుగులో ఛాతీ జోలికే పోవద్దు. గొప్పలు పోయేవాడు మన దగ్గర జబ్బలు చరుచుకుంటాడు. సవాలు చేసేవాడు తొడ కొడతాడు. గుండెలు బాదుకునేది దుఃఖంలోనే. వాళ్లు గొరిల్లాను చూసి అన్నారు, మనం చావు ఇంటిని చూసి అన్నాం. ఆ పిల్ల చూసింది మన చావు ఇల్లు.

జేఎన్‌ఎస్ రన్నర్:

అన్నా, పెద్దసారు అంత చెప్పినంక నేను చెప్పేది చిన్నదే. హన్మకొండ జేఎన్‌ఎస్ స్టేడియంల పొద్దున ఐదింటికి రన్నింగుకు వస్తా, ఆర్మీకి ప్రిపేర్ అవుతున్న. మాకు చెస్ట్ అంటే రెండే. ఒకటి కొలత. అగ్నివీర్ జీడీకి (ఆర్మీల జనరల్ డ్యూటీ సిపాయి పోస్టు) 77 సెంటీమీటర్లు ఉండాలి, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. కొందరికి 77 ఈజీగ ఉంటది, ఆ 5 దగ్గర పోతది. బనియన్ తీసి నిలబెట్టి టేపు వేస్తరు, ఆ టైంల టెన్షన్‌కు ఊపిరి లోపలికే పోదు. నేను రోజూ పడుకునే ముందు దారం పెట్టి కొలుసుకుంట.

రెండోది చెస్ట్ నంబర్. గుడ్డ మీద నంబరు రాసి పిన్నులతోని రొమ్ముకు పెడతరు. మా కోచ్ ఏమంటడంటే బయటి దేశాలల్ల దీన్ని బిబ్ నంబర్ అంటరట, చెస్ట్ నంబర్ అనేది మన ఇండియా ఇంగ్లీషే అట. పరకాల సారు క్లాసుల చెప్పొచ్చు, ఇంగ్లీషు మనం కూడ తయారు చేసినం అని.

ఇంకోటి, రేసు చివర్ల రిబ్బన్‌ను ఛాతీతోని తాకుడును 'బ్రెస్ట్ ద టేప్' అంటరు. టైం లెక్క కూడ మొండెం గీత దాటినప్పుడే, చెయ్యి ముందుకు చాపితే లెక్కకు రాదు. నేను మొదట్ల చెయ్యి చాపి ఉరికెటోన్ని.

పరకాల బడిపంతులు:

క్యాషియర్ సార్, మీ కాళ్లకు దండం. సందూక మాట నాకెందుకు తట్టలేదో! మా ఇంట్లో కూడా ఉండేది, ఇనుపది, మా చెల్లె పుస్తకాలు దాచుకునేది.

రన్నర్ తమ్ముడు కదిపాడు కాబట్టి అడుగుతున్నా. బ్రెస్ట్ అనే మాట వస్తే క్లాసులో ఏం చెయ్యాలి? బ్రెస్ట్ పాకెట్, డబుల్ బ్రెస్టెడ్ కోటు, ఈతలో బ్రెస్ట్ స్ట్రోక్, 'కీప్ అబ్రెస్ట్', అన్నిట్లో అదే. మగపిల్లలు మోచేతులతో పొడుచుకుంటారు, ఆడపిల్లలు తల వంచుకుంటారు. నిజం చెప్పాలంటే నేను కూడా ఆ లైను గబగబా చదివేసి ముందుకు పోతాను. తెలుగులో రొమ్ము అనాలన్నా నోరు రాదు, ఛాతీ అని తప్పించుకుంటాను.

నైట్‌డ్యూటీ సిస్టర్:

అన్నా, మీరు తప్పించుకున్నట్టే అందరూ తప్పించుకుంటారు. దానివల్ల ఏమవుతుందో నేను చూశాను. వరంగల్‌లో ఒక దవాఖానలో స్టాఫ్ నర్సును, పేరు వద్దు.

నర్సంపేట వైపు నుంచి ఒక అమ్మ వచ్చింది, యాభై ఏళ్లుంటాయి. ఓపీ చీటీ దగ్గర మగపిల్లవాడు కూర్చున్నాడు. ఏం బాధ అంటే "ఛాతీల గడ్డ లెక్క ఉన్నది" అంది. అతను చెస్ట్ అని రాసి ఊపిరితిత్తుల డాక్టరు లైనుకు పంపాడు. అక్కడ దగ్గేవాళ్ల మధ్య గంటన్నర కూర్చుంది. నేను అటు పోతూ, దగ్గు లేదు ఆయాసం లేదు ఈమె ఇక్కడెందుకుందని అడిగితే, నా చెవిలో చెప్పింది, గడ్డ రొమ్ములో అని. సర్జరీ ఓపీకి తీసుకుపోయాను. ఆమెది అబద్ధం కాదు, అతనిదీ తప్పు కాదు. ఆమె సిగ్గుతో ఛాతీ అంది, అతను అక్షరాలా చెస్ట్ రాశాడు. అప్పటినుంచి ఛాతీ అని ఎవరన్నా, "లోపలనా, మీదనా అమ్మా?" అని మెల్లగా అడుగుతాను.

ఆ సిగ్గు మనకొక్కరికే ఉందనుకోకండి. స్టెతస్కోపు పుట్టిందే సిగ్గులోంచి. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే డాక్టరు దగ్గరికి ఒక యువతి వచ్చింది. అప్పట్లో రోగి ఛాతీకి చెవి ఆనించి వినేవారు. ఆయనకు మొహమాటం వేసి కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకి, ఇంకో కొస తన చెవికి పెట్టుకున్నాడు. నేరుగా విన్నదాని కన్నా బాగా వినిపించింది. తర్వాత కొయ్యతో చేయించాడు. గ్రీకులో స్తెథోస్ అంటే ఛాతీయే. నర్సింగ్‌లో మా మేడం ఇది చెప్పి, "సిగ్గు పడుండ్రి, కానీ పని ఆపకుండ్రి" అనేది.

అబ్రెస్ట్‌ది పెద్ద కష్టం కాదు కదా అన్నా, రొమ్ములు ఒక వరుసలో ఉండేట్టు పక్కపక్కన నడవడం. లోకంతో పాటు వెనకబడకుండా నడుస్తున్నాడని అర్థం. బతుకమ్మ నాడు ఆడవాళ్లు వరుసలో పోతారు చూడండి, అది చూపించి చెప్పండి, ఎవరూ నవ్వరు.

ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 'హార్ట్‌బర్న్' అని పాఠంలో వస్తే "గుండె మంట" అని చెప్పి వదిలేయకండి. అది గుండెకు సంబంధించింది కాదు, కడుపులోని ఆసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడం. ఆ గొట్టం గుండె వెనక నుంచే పోతుంది కాబట్టి మంట అక్కడ తెలుస్తుంది. మన దగ్గర దీనికి ఉల్టా జరుగుతుంది. నిజంగా గుండెనొప్పి వచ్చినవాళ్లు "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకుంటారు. రాత్రి రెండింటికి తీసుకొచ్చే కేసుల్లో నేను ఎక్కువగా వినే మాట "సాయంత్రం నుంచి గ్యాస్ ఉండె సిస్టర్". ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమ చెయ్యికో దవడకో గుంజడం, చల్లచెమటలు ఉంటే అది గ్యాసో కాదో ఇంట్లో తేల్చవద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ ఉన్న చోటికి తీసుకురండి. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు కూడా, ఉట్టి ఆయాసం, నీరసం ఉంటాయి. అట్లాగే రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల (కఫం) పరీక్ష చేయించాలి, సిరప్పులు మార్చుకుంటూ కూర్చోవద్దు.

క్షమించండి, ఇంగ్లీషు పాఠం కాస్తా ఓపీ అయిపోయింది.

కాజీపేట ప్యాసింజర్:

సిస్టర్ గారు మంచి మాట చెప్పారు. క్యాషియర్ సార్‌తో మాత్రం నాకు చిన్న పేచీ ఉంది. మనకు గోదాం కడుపే అన్నారు. మరి "గుండెల్లో దాచుకున్నాడు", "ఎదలో మాట" ఎక్కడివి? మన పాటల నిండా ఎదలే కదా. ఎద, రొమ్ము, బోర... ఛాతీ ఉర్దూ, హిందీ వైపు నుంచి వచ్చి కూర్చునే లోపు మనకు ఎన్ని మాటలు! బోర విరుచుకొని నడిచాడు అంటే నాకు ఇప్పటికీ మా తాత కనిపిస్తాడు.

పైగా రొమ్ము చూపడం అంటే మన దగ్గర ధైర్యం. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురు తిరిగినప్పుడు టంగుటూరి ప్రకాశం తుపాకుల ముందు రొమ్ము చూపాడని చదువుకున్నాం. ఇంగ్లీషులో 'బేర్ యువర్ బ్రెస్ట్' అంటే మనసులో రహస్యం చెప్పేయడమట. ఆ వాక్యాన్ని మాటకు మాట దింపితే ప్రకాశం పంతులు సిపాయిలకు తన రహస్యాలు చెప్పుకున్నట్టు అవుతుంది.

'క్లోజ్ టు ద చెస్ట్' ఎవరూ చెప్పలేదు. అది పత్తాలాట నుంచి వచ్చింది. రైల్లో కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా రోజూ రమ్మీ ఆడే బ్యాచి మాది. పక్కవాడు తొంగిచూడకుండా పత్తాలు ఛాతీకి ఆనించి పట్టుకుంటాం. తెలుగులో దానికి గుప్పిట అనాలి. "వాడు గుప్పిట తెరవడు" అంటే సరిగ్గా అదే. మా బ్యాచిలో ఒకాయన పత్తాలు ఛాతీకి ఎంత గట్టిగా ఆనిస్తాడంటే జనగామ దాటేసరికి చొక్కా గుండీల అచ్చులు వాటి మీద పడతాయి. అయినా రోజూ ఓడిపోతాడు.

సుబేదారి క్యాషియర్:

ప్యాసింజర్ గారూ, ఒప్పుకుంటున్నా. ప్రేమ, జ్ఞాపకం గుండెల్లో పెడతాం. కోపం, గుట్టు, ఉక్రోషం కడుపులో పెడతాం. రెండు కౌంటర్లు అనుకోండి.

కానీ కడుపును తక్కువ చెయ్యకండి. పెండ్లిలో అప్పగింతలప్పుడు ఆడపిల్ల తరఫువాళ్లు ఏమంటారు? "మా పిల్ల తప్పులుంటే కడుపుల పెట్టుకోండ్రి." క్షమించడం కూడా కడుపు పనే మనకు. మా అమ్మాయి అప్పగింతల్లో నేను అదే అన్నాను, గొంతు పూడుకుపోయి సగమే వచ్చింది. దీన్ని ఇంగ్లీషులోకి ఎట్లా దింపుతారో పరకాల సార్ చెప్పాలి. 'కీప్ హర్ మిస్టేక్స్ ఇన్ యువర్ స్టమక్' అంటే వియ్యంకుడు డాక్టరు దగ్గరికి పోతాడు.

అన్నట్టు సార్, ఆ చెస్ట్ థంపింగ్ పిల్లకు మార్కు వేశారా లేదా?

పరకాల బడిపంతులు:

సగం వేశాను. ఇవాళ క్లాసులో బోర్డు మీద రెండు గీతలు గీసి ఒకవైపు గొరిల్లా, ఒకవైపు చావు ఇల్లు అని రాసి చెప్పాను. అందరికీ అర్థమైంది. ఆ పిల్ల మాత్రం చెయ్యెత్తి, "అయితే మా అత్త చేసినదానికి ఇంగ్లీషుల ఏమంటరు సార్?" అంది. 'బీట్ హర్ బ్రెస్ట్' అని చెప్పాను, ఈసారి గబగబా చదివి ముందుకు పోకుండా. వెనక నుంచి కిసుక్కుమని ఒకటి వినిపించింది గానీ, ఆ పిల్ల తల వంచకుండా నోటుబుక్కులో రాసుకుంది.

డ్రాయర్ల వాడు ముందు బెంచీలోకి వచ్చాడు. వాళ్ల నాయనమ్మ సందూకలో ఏమున్నాయో రేపు రాసుకొస్తానన్నాడు, తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుందట.